అద్దె లైఫ్‌రాఫ్ట్ కథ: లిమింగ్టన్ నుంచి వేమత్ దాకా

ఇంగ్లండ్ దక్షిణ తీరం వెంట మా బావ 26 అడుగుల యాట్‌లో లిమింగ్టన్ నుంచి పూల్, అక్కణ్ణుంచి వేమత్ వెళ్లొచ్చాం. పూల్ దాకా చెప్పుకోడానికేం లేదు, బ్రౌన్‌సీ దీవి పక్కన యాంకర్ వేసి పులిహోర తిన్నాం, అంతే.

చెప్పాల్సిందల్లా ఆ అద్దె లైఫ్‌రాఫ్ట్ గురించే, అంటే పడవ మునిగితే తాడు లాగగానే గ్యాస్‌తో దానంతటదే ఉబ్బే ప్రాణరక్షణ తెప్ప. ఇక్కడ 13.7 మీటర్ల లోపు సొంత పడవల్లో లైఫ్‌రాఫ్ట్ ఉండి తీరాలన్న రూలేం లేదు. "ఒడ్డు కనబడుతూనే ఉంటుంది కదరా, దండగ" అన్నాడు బావ. మా ఆవిడేమో అది లేకపోతే మీరు పడవలో పోండి నేను ట్రైన్‌లో వస్తానని భీష్మించుకుంది. సరేనని ఒక షాపులో నలుగురు పట్టేది వారానికి 85 పౌండ్లు, డిపాజిట్ 200 కట్టి తెచ్చాం. పాతిక కిలోల పైనే ఉంది, కాక్‌పిట్‌లో అందరి కాళ్లకీ అడ్డమే. పూల్‌లో ఆ రాఫ్ట్ ఉన్న బ్యాగ్ అటూ ఇటూ జరుపుతుంటే లోపలికి మడిచి కట్టేసిన ట్యాగ్ బయటపడింది, చూస్తే సర్వీస్ గడువు పోయిన నవంబర్‌లోనే అయిపోయింది! మామూలుగా మూడేళ్లకోసారి విప్పి గ్యాస్ సిలిండరూ అతుకులూ చూసి మళ్లీ సర్దాలి. ఫోన్ చేస్తే అవతలాయన "పనిచేయలేదని ఇంతవరకూ ఎవరూ కంప్లైంట్ చేయలేదు" అన్నాడు. పనిచేయకపోతే కంప్లైంట్ చేయడానికి ఎవడు మిగులుతాడయ్యా!

మర్నాడు దారిలో సెయింట్ ఆల్బన్స్ హెడ్ అనే కొండకొమ్ము దగ్గర పోటు సుడులకి దూరంగా చుట్టు తిరిగి వెళ్లినా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, ఆ బ్యాగ్ వైపే చూస్తూ కూచుంది.

నన్నడిగితే సోలెంట్ లోపల (ఐల్ ఆఫ్ వైట్ దీవికీ ఒడ్డుకీ మధ్య సన్నటి సముద్రంలో) తిరగడానికి రాఫ్ట్ అక్కర్లేదు. ముందు మంచి లైఫ్‌జాకెట్లు, బటన్ నొక్కితే ఆపద సందేశం పంపే డీఎస్‌సీ రేడియో, మనమెక్కడున్నామో శాటిలైట్ ద్వారా రక్షకులకి చెప్పే, జేబులో పెట్టుకునే పీఎల్‌బీ కొనండి. రాఫ్ట్ ఉంది కదా అని తొందరపడి దూకడమూ ప్రమాదమే, 1979లో ఫాస్ట్‌నెట్ అనే యాట్ రేసులో వచ్చిన తుఫానులో 15 మంది సెయిలర్లు పోయారు, జనం వదిలేసిన 24 పడవల్లో 19 తర్వాత తేలుతూనే దొరికాయి. కానీ పడవలో వంట గ్యాస్ లీకై పేలినా, దేన్నైనా గుద్దినా చిన్న పడవ నిమిషాల్లో పోతుంది, అప్పుడు లాకర్లో మడతపెట్టిన డింగీకి (ఒడ్డుకి వెళ్లొచ్చే చిన్న గాలి పడవకి) కాలిపంపుతో గాలి కొట్టే టైమెక్కడిది? చన్నీళ్లలో పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అందదు. అందుకే వేమత్ లాంటి దూరానికి ఉంటే మంచిదే అంటాను, ఇంగ్లిష్ చానల్ దాటి ఫ్రాన్స్‌లోని చెర్‌బర్గ్ వెళ్లాలంటే మాత్రం తప్పనిసరి. అద్దెకైతే ట్యాగ్ ఫోటో తీసుకున్నాకే డబ్బులివ్వండి.

వేమత్‌లో పడవ కట్టుకోడానికి బెర్త్ 31 పౌండ్లు, షవర్‌లో నీళ్లు సలసలా, హార్బర్ పక్కన 12.50కి ఫిష్ అండ్ చిప్స్ తిన్నాక గానీ మా ఆవిడ నవ్వలేదు. తిరిగొచ్చి రాఫ్ట్ ఇచ్చేస్తే అద్దెలో పైసా వెనక్కివ్వలేదు సరికదా, బ్యాగ్ తడిసిందని డిపాజిట్‌లో 15 పౌండ్లు కోశారు.