విండీ యాప్: ఊరి గాలిని ఎంతవరకు చెప్పగలదు?

గాలి కోసం ఫోన్‌లో ఒక్క యాప్ చాలనుకుంటే విండీని (Windy.com) పెట్టుకోండి. సగటు గాలిని, విసురును వేరువేరుగా చూపిస్తుంది, పలు మోడళ్ల (వాతావరణాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసే పద్ధతుల) లెక్కలు ఒకేచోట ఇస్తుంది. కానీ మ్యాప్ మీద పారే గీతలు చూసి పైకప్పు మీదో పొలంలోనో పనికి దిగొద్దు. పనికొచ్చేది అడుగున వచ్చే పట్టిక.

ముందు రంగుల పట్టీని నొక్కి యూనిట్‌ను గంటకు కిలోమీటర్లకు మార్చుకోండి. నాట్లలో (ఓడల వేగానికి వాడే యూనిట్) వదిలేస్తే 20 అని కనబడేది నిజానికి 37 కిలోమీటర్లు. తర్వాత ఊరి పేరు కాకుండా, పని జరిగే చోటునే మ్యాప్ మీద ఎంచుకోండి.

పట్టికలో ‘విండ్’ అన్న వరుస నేలకు 10 మీటర్ల ఎత్తున వీచే సగటు గాలి. ‘గస్ట్స్’ అన్నది ఆ మధ్యలో రెండు మూడు సెకన్లపాటు వచ్చే విసురు. రేకులు లేపేదీ, నిచ్చెన పడేసేదీ ఈ రెండోదే. వేగం రెట్టింపైతే తాకిడి నాలుగింతలవుతుంది. అందుకే గాలి 18, గస్ట్ 42 అని ఉన్న పూట 18ని నమ్మి పైకప్పు ఎక్కకూడదు. ఎండ కాసే రోజుల్లో ఈ తేడా మధ్యాహ్నం బాగా పెరుగుతుంది: నేల కాగి, పైనున్న వేగమైన గాలి కిందికి దిగుతుంది. ఎత్తు మీది పనులు పొద్దున్నే ముగించుకోవడం మేలు.

పొలంలో మందు పిచికారీకి లెక్క వేరు. తెరిపి నేలలో 2 మీటర్ల ఎత్తున గాలి, యాప్ చెప్పినదాంట్లో ముప్పావు వంతు ఉంటుంది. అలాగని తెల్లవారుజామున గాలి వేగం 2 అని చూపిస్తే మంచి సమయం అనుకోవద్దు. చల్లగాలి నేలకు అంటుకుని, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. సన్నటి తుంపరలు కిందికి దిగకుండా పక్క చేలోకి జారిపోతాయి. పొగ పైకి లేచి అడ్డంగా పరుచుకుంటుంటే ఆగండి.

ఇక లోపాలు. మోడల్ నేలను గడులుగా విడగొట్టి, గడికో అంకె లెక్కిస్తుంది. యాప్‌లోని ఈసీఎండబ్ల్యూఎఫ్ (యూరప్) మోడల్ గడి సుమారు 9 కిలోమీటర్లు, జీఎఫ్ఎస్ (అమెరికా)ది సుమారు 22. ఎంత జూమ్ చేసినా కొత్త సమాచారం రాదు, గడుల మధ్య అంకెలను కలిపి నున్నగా చూపిస్తుంది, అంతే. మీ చెట్ల వరుస, గుట్ట, రెండు గోడల మధ్య సందు దానికి తెలియవు. చెట్ల వెనక వాటి ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి తగ్గుతుంది, కానీ చిందరవందరగా కొడుతుంది. గుట్ట నెత్తిన, సందుల్లో పెరుగుతుంది.

దీనికి మందు చేతి అనిమోమీటర్, అంటే గాలి వేగం కొలిచే చిన్న పరికరం. పని జరిగే చోటే నిలబడి, పది నిమిషాల సగటు, అందులో అతి పెద్ద విసురు రాసుకోండి. పక్కనే యాప్ అంకె, గాలి దిక్కు రాయండి. దిక్కు తప్పకుండా రాయాలి: పడమటి గాలికి చెట్లు అడ్డం వచ్చి సగమే అందవచ్చు, అదే చోట దక్షిణపు గాలి పూర్తిగా అందవచ్చు. మీ కొలతకూ యాప్ అంకెకూ దిక్కుదిక్కుకూ విడిగా నిష్పత్తి కట్టుకుంటేనే యాప్ అంకె మీ ఊరి అంకె అవుతుంది.

ఉరుముల గాలివాన దగ్గర మాత్రం ఈ సవరణ కూడా పనిచేయదు. మబ్బు నుంచి ఒక్కసారిగా కుప్పకూలే గాలి కొద్ది కిలోమీటర్ల మేరకే ఉంటుంది, గడిలో ఇమడదు. పట్టికలో 30 ఉన్నా 80 కొట్టవచ్చు. ఆ రోజుల్లో రాడార్, ఉపగ్రహ చిత్రం చూడండి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే అదే ప్రమాణం. నల్లమబ్బు కింద ఉన్నట్టుండి చల్లగాలి తగిలితే వెంటనే కిందికి దిగాలి.

‘కంపేర్’ నొక్కి మోడళ్లను పక్కపక్కన పెట్టడం మాకు బాగా నచ్చిన సౌకర్యం. అన్నీ దగ్గరగా ఉంటే పని ఖాయం చేసుకోవచ్చు. చెదిరిపోతే పెద్ద అంకెనే తీసుకోండి. మూడు రోజులు దాటిన గస్ట్ అంకె సూచన మాత్రమే.

ఉచిత పట్టిక మూడు గంటలకొకసారి, డబ్బు కడితే గంటగంటకూ వస్తుంది. గాలి ఏ గంటకు లేస్తుందో తెలియాల్సిన పనికి అది ఉపయోగమే. గడి మాత్రం చిన్నది కాదు, కాబట్టి మిగతావారు ఆ డబ్బుతో అనిమోమీటర్ కొనుక్కోవడం మంచిది.