రెండు కుక్కలు, మూడు మకాములు, ఒక ఏటి మొగ

మూడో మకాం గురించే ముందు చెప్తాను, ఈ ప్రయాణంలో మనసులో నిలిచిపోయింది అదే కాబట్టి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, గట్టు మీద చిన్న క్యాంపింగ్ స్థలం. ఎనిమిదో తొమ్మిదో టెంట్లు పడతాయి, అంతే. తెల్లవారుజామున మా కుక్క కాటుక లేచి టెంట్ జిప్ దగ్గర ముక్కు ఆనించి కూర్చుంది, రెండో కుక్క రాజుగాడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఇద్దరికీ లీష్ తగిలించి గట్టు చివర పాత పడవ పక్కన కూర్చోబెట్టి నేనూ కూర్చున్నాను.

అప్పుడే పాటు మొదలైంది. నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ బురద తేలుతోంది, బురద తేలేకొద్దీ పిట్టలు దిగుతున్నాయి. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటూ చకచకా పరుగెడుతుంటే, పొడుగు ముక్కువి మొత్తం ముక్కుని బురదలోకి దించి లోపలి పురుగుల్ని లాగుతున్నాయి, ఒకే మేటలో ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డు రావట్లేదు. కాసేపటికి మేము అక్కడ ఉన్నామన్న సంగతే మర్చిపోయినట్టు ఒక ఉల్లంకి పిట్టల గుంపు ఇరవై అడుగుల దూరానికి వచ్చేసింది. కాటుక చెవులు నిక్కబొడుచుకుని చూసిందే కానీ అరవలేదు. గంటన్నర అలా కూర్చున్నాం. కుక్కలతో వెళ్తే అడవి జీవాలు కనబడవని చాలామంది అంటారు కదా, కుక్క కదలకుండా కూర్చుంటే కనబడతాయి, అసలు కుక్క ఉంది కాబట్టే నేను అంతసేపు ఒక్కచోట కూర్చున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఇదే రాజుగాడిని పిట్టల గుంపు మీదకి వదిలేసి, అవన్నీ ఒక్కసారిగా లేస్తుంటే ఫొటోలు తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. 2022లో బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే పిట్ట ఒకటి, పుట్టి నాలుగైదు నెలలే అయింది, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో ఎగిరింది. అలాంటి ప్రయాణం చేసే పిట్టలు తీరంలో ఆగేది ఒళ్ళు నింపుకోవడానికి. మనం సరదాకి ఒక్కసారి లేపితే అది దాచుకున్న కొవ్వు కొంత ఖర్చయిపోతుంది, రోజుకి పదిమంది పది కుక్కలతో వస్తే ఇక ఏం మిగులుతుంది? అందుకే పోటు సమయంలో ఇంకా దూరంగా ఉండాలి. మేత మేసే బురద మునిగిపోయి, ఉన్న కాస్త పొడి నేల మీద అన్నీ ఒకచోట చేరి విశ్రాంతి తీసుకునేది అప్పుడే.

ఇక మొదటి మకాం. పెద్దది, నీడ ఉంది, శుభ్రమైన స్నానాల గదులున్నాయి, కుక్కల్ని కడగడానికి విడిగా పైపు కూడా పెట్టారు, దానికి మాత్రం పూర్తి మార్కులు. కానీ కుక్కలకు అనుమతి అని రాసి ఉంటే సరిపోదు, ఎక్కడిదాకా అనుమతి అని కూడా అడగాలి. టెంట్లదాకా ఓకే, పగలు బీచ్ మీదకి మాత్రం తీసుకెళ్ళకూడదట, ఆ మాట డబ్బు కట్టి టెంట్ వేసుకున్నాక చెప్పారు. ఆ నిబంధన మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను, ముందు చెప్పకపోవడమే తప్పు. రెండో ఇబ్బంది లైట్లు. రాత్రంతా సముద్రం వైపు తిప్పిన ఫ్లడ్ లైట్లు. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో ఇలాంటి వెలుగు ఎంత చేటు చేస్తుందో తెలిసిందే, గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలు సముద్రం మీది మసక వెలుగు అనుకుని ఆ లైట్ల వైపు నడిచి వెళ్ళిపోతాయి. నేను అడిగితే, సెక్యూరిటీ కోసం అన్నారు. ఆ లైట్లను కిందికి తిప్పి మూత బిగించినా సెక్యూరిటీకి లోటేమీ రాదు. ఒక్క రాత్రితో సర్దేశాం.

రెండోది ఇసుక దిబ్బల వెనక. గాలి బాగా ఎక్కువ, మామూలు మేకులు ఇసుకలో నిలవవు, సంచుల్లో ఇసుక నింపి తాడు కట్టి పూడిస్తేనే టెంట్ నిలబడింది. పంపు చాలా దూరం. ఇన్ని చెప్పినా ఇక్కడి సిబ్బందికి నమస్కారం పెట్టాలి. వెళ్ళగానే ఒకాయన వచ్చి, తాడు కట్టిన చోటు చూపించి, అటు పిట్టలు గుడ్లు పెట్టాయండీ, కుక్కల్ని తడి ఇసుక వైపే నడిపించండి అని చెప్పి, రెండు పొడుగు మేకులు కూడా ఇచ్చి వెళ్ళాడు. ఆ పిట్టలు గూడు కట్టవు, ఊరికే ఇసుకలో చిన్న గుంట చేసి పెట్టేస్తాయి, గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, మన కంటికే ఆనవు. సాయంత్రం తాడుకి ఇవతల నడుస్తుంటే ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మా ముందు పోయింది. రాజుగాడు లాగేశాడు. నిజంగా విరగలేదు, గుడ్ల నుంచి మమ్మల్ని దూరం తీసుకెళ్ళడానికి తల్లి వేసే ఎత్తు అది. వెంటనే వెనక్కి తిరిగిపోయాం, మేము కదలగానే అది మామూలుగా ఎగిరిపోయింది.

రాత్రి ఎర్ర లైటుతో పీతల్ని చూశాం. ఒంటి రంగు ఇసుకలో కలిసిపోయి, కాళ్ళు కదిలినప్పుడే తెలుస్తుంది. కాటుక బొరియ తవ్వబోతే పిలిచాను, వచ్చేసింది. 'వదిలేయ్' అన్న మాటకి కుక్క ఆగేలా ఇంటి దగ్గరే నేర్పించుకోండి, తీరంలో దాన్ని మించిన సామాను లేదు. ఎందుకంటే ఒడ్డుకి కొట్టుకొచ్చేవన్నీ కుక్క నోటికి అందుతాయి. చచ్చిన జెల్లీఫిష్ కూడా కుడుతుంది. బుడగలా ఉబ్బే పఫర్ చేపలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఉడికించినా పోదు, ఎండిపోయిన చేప కదా అని కుక్కని దాని మీదకి వదలకండి. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, బంతి కోసం అలల్లోకి దూకుతూ ఆ నీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు, మోతాదు పెరిగితే ప్రాణం మీదకే వస్తుంది. నేను పావుగంటకోసారి మంచినీళ్ళు పట్టించాను. అరచేతి వెనక భాగం అయిదు సెకన్లు ఇసుక మీద ఆనించలేకపోతే కుక్క పాదాలు కూడా కాలతాయి, మధ్యాహ్నం అసలు కదల్లేదు మేము.

టీకాల సంగతి కూడా చెప్పాలి. 1987-88లో రష్యాలోని బైకాల్ సరస్సులో సీల్ అనే నీటి జంతువులు వేలల్లో చనిపోయింది కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ వల్లే. సీళ్ళుండే తీరానికి వెళ్ళేవాళ్ళు తమ కుక్క కోసమే కాదు, వాటి కోసం కూడా టీకా వేయించాలి, దగ్గరికి పోనివ్వకూడదు.

మళ్ళీ మొగ దగ్గరికి వస్తే, లోపాలు లేవని కాదు. ఒకటే పంపు, మరుగుదొడ్లు అంతంత మాత్రం. పున్నమి దగ్గర పడటంతో పోటు ముందురోజు కంటే పైకొచ్చి, మేము నడిచిన దారి మునిగింది. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ముందురోజు టైమ్ నమ్ముకుని వెళ్తే ఇరుక్కుపోతాం, టెన్షన్ పడే కంటే పట్టిక చూసుకోవడం తేలిక. నడిపే ఆవిడకి ఆ దారి దగ్గర ఒక బోర్డు పెట్టమ్మా అని చెప్పాను, పెట్టిస్తానంది. రాత్రి పదికి ఉన్న నాలుగు లైట్లూ ఆపేస్తుంది, కుక్కలకి ఎవరూ ఎక్స్‌ట్రా అడగలేదు.

వచ్చేసారి మొదటి రెండు మకాములకీ వెళ్ళను, నాలుగు రాత్రులూ ఈ మొగ దగ్గరే. తెల్లవారుజామున పాటు పడే రోజులు చూసి తేదీలు అడిగి పెట్టాను.