బిల్లులు సరిచూసే ఏఐ: 14 నెలలు వాడిన అకౌంటెంట్ అనుభవం

ప్రతి నెలా 14వ తేదీ వస్తుందంటే నాకు గుండె దడగా ఉండేది. ఆ రోజు జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి, అంటే సప్లయర్లు మన పేరు మీద ఎక్కించిన బిల్లుల లిస్టు పడుతుంది, 20వ తేదీకల్లా 3బి, అంటే నెలవారీ పన్ను రిటర్ను వేసెయ్యాలి. ఆ ఆరు రోజులూ గుంటూరు బ్రాడీపేటలోని మా చిన్న ఆఫీసులో రాత్రి పదకొండింటి దాకా లైట్లు వెలిగేవి. ఇప్పుడు ఏడింటికే తాళం వేస్తున్నాం. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌కు జత చేసుకున్న ఏఐ టూల్ గురించి నేను మొదట చెప్పాల్సింది ఇదే.

ఎంట్రీలు వేస్తుంది, రిపోర్టులు ఇస్తుంది వంటివి అందరికీ తెలుసు. నా ప్రాణం లేచొచ్చింది మాత్రం మా పుస్తకాల్లోని బిల్లులను 2బితో పోల్చే చోట. బిల్లు మీద 'జీఎస్టీ/0047/24-25' అని ఉంటుంది, సప్లయర్ పోర్టల్‌లో '47' అని ఎక్కిస్తాడు. ఎక్సెల్‌కు అవి రెండు వేరు వేరు బిల్లులు. అందుకే ప్రింటు తీసి, స్కేలు కింద పెట్టుకుని, లైను లైనుకీ పెన్సిల్‌తో టిక్కు పెట్టేదాన్ని. ఈ టూల్ జీఎస్టీ నంబరు, తేదీ, పన్ను మొత్తం కలిపి చూసి రెండూ ఒకటేనని పట్టేస్తుంది, ఎందుకు అనుకుందో పక్కనే రాస్తుంది. మా పత్తి మిల్లు క్లయింటుకు నెలకు ఆరు వందల బిల్లులు. రెండు రోజుల పని నలభై నిమిషాల్లో అయింది. ఒకసారి హైదరాబాద్ సప్లయర్, వేరే రాష్ట్రానికి అమ్మితే పడే ఐజీఎస్టీ వేయాల్సిన చోట, సొంత రాష్ట్రంలో అమ్మితే పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేశాడు. 36తో మొదలయ్యే తెలంగాణ జీఎస్టీ నంబరు నుంచి 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరుకు సరుకు వచ్చిందని అదే ఎర్ర గుర్తు పెట్టి చూపించింది. ఆ బిల్లు నా కంటికి ఆని ఉండేది కాదు.

పోయిన మార్చిలో జరిగింది వేరు. మిర్చి సీజను. యార్డు దగ్గరి ఒక వ్యాపారి మా పాత క్లయింటు. ఆయనకు విజయవాడ వన్‌టౌన్ నుంచి గోతాలు వస్తాయి. ఆ నెల 9న మూడు వేలు, 19న మరో మూడు వేలు వచ్చాయి. గోతం 60 రూపాయల లెక్కన ఒక్కో బిల్లు పన్నుతో కలిపి 1,89,000. చేత్తో రాసిన కార్బన్ కాపీలు. నంబర్లు 113, 118. ఫోన్‌లో తీసిన ఫొటోలో 3 చుట్టూ కార్బన్ మరక ఉంది. టూల్ దాన్ని 8 అని చదివింది. రెండో బిల్లు తేదీ 19లో 1 అంకె కూడా సరిగా పడలేదు, 9 అనుకుంది. అదే సప్లయర్, అదే నంబరు, అదే మొత్తం కదా, రెండో బిల్లును డూప్లికేట్ అని పక్కన పెట్టేసింది.

2బిలో 113 ఉంది. 'పుస్తకాల్లో లేనివి' అనే లిస్టులో, మరో పదిహేడింటి మధ్య ఉంది. నేను 97 శాతం బిల్లులు కలిశాయని పైన కనిపించేది చూసి, ఆ లిస్టు తెరవకుండానే ఏప్రిల్ 20న రిటర్ను వేసేశాను. డూప్లికేట్ అని ఒకసారి పక్కన పెట్టిన బిల్లును ఈ టూల్ మళ్లీ 2బితో పోల్చదట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

మే నెలలో గోతాల ఆయన బాకీ అడిగితే, మా క్లయింటు నేనిచ్చిన లెడ్జర్ చూసుకుని, ఒక్కటే బిల్లు వచ్చింది, డబ్బు ఇచ్చేశాను అన్నాడు. తండ్రుల కాలం నుంచి ఉన్న వ్యాపారం వాళ్లది. మాటా మాటా పెరిగింది. చివరికి వాళ్ల గుమస్తా గారు గోడౌన్ గేటు పుస్తకం చంకన పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. వాచ్‌మన్ తెలుగులో రాసిన రెండు వరుసలు: '9 — గోతాలు 3000', '19 — గోతాలు 3000'. లారీ నంబర్లు కూడా వేరు. "ఇది చూడకుండా ఎలా కొట్టేశారమ్మా?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు.

ఆ బిల్లు మీద కట్టిన 9,000 పన్నుకు రావాల్సిన మినహాయింపు (ఐటీసీ) తర్వాతి రిటర్నులో తీసుకున్నాం. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాకా గడువు ఉంటుంది కాబట్టి పన్ను పరంగా నష్టం లేదు. ఆ ఇద్దరు వ్యాపారుల మధ్య మాత్రం మాట ఇంకా పూర్తిగా కలవలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

పైన నలభై నిమిషాలు అన్నాను కదా, అది ప్రింటు బిల్లులకు. చేతిరాత బిల్లులు, తెలుగు కాటా చీటీలు వచ్చే క్లయింటుకైతే పూట పడుతుంది, ఎందుకంటే డూప్లికేట్ల లిస్టు, 'లేనివి' లిస్టు రెండూ ఇప్పుడు నేనే ఒక్కో లైను చూస్తున్నాను.

ఇంకో బెంగ కూడా ఉంది. బీకాం అయి కొత్తగా చేరిన అమ్మాయి, లారీ కిరాయి మీద రివర్స్ చార్జ్, అంటే లారీ వాళ్లకు బదులు కిరాయి ఇచ్చేవాళ్లే కట్టే పన్ను, ఎందుకు పడిందని అడిగింది. నేను ఆ సంగతి వందల కిరాయి బిల్లులు ఎక్కిస్తూ నేర్చుకున్నాను. తనకు అన్నీ అయిపోయిన ఎంట్రీలే కనిపిస్తున్నాయి. అందుకే ఒక క్లయింటు పని మొత్తం మూడు నెలలు చేత్తోనే చేయిస్తున్నాను.

ఈ ఏడాదికి రెన్యువల్ కట్టేశాం. నలభై మంది క్లయింట్లు, ముగ్గురం మనుషులం, అది లేకుండా మాకు గడవదు. మీ దగ్గరకు కంప్యూటర్ బిల్లులే ఎక్కువగా వస్తుంటే ధైర్యంగా తీసుకోవచ్చు. మాలా యార్డు లెక్కలు చూసేవాళ్లయితే ఒక్క సీజను పక్కన పాత పద్ధతి కూడా నడిపి చూడండి. మిర్చి క్లయింట్లందరినీ నేను ఇప్పుడు 10వ తేదీకే గేటు పుస్తకం ఫొటోలు పంపమంటున్నాను.