పాత ఫోటోలు బాగుచేసే షాపు, రాజమండ్రి: నాలుగో మనిషికి మొహం గీయనన్నారు

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయట్లేదు. రాయొద్దని షాపాయనే అన్నారు. "ఉన్న పనే తెమలట్లేదమ్మా, మీరు పేరు పెట్టేస్తే ఇంక ఫోను మోగుతానే ఉంటది" అని. రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందు, కింద టైలరు, పైన ఈయన. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మని ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. ఇంతకంటే గుర్తులు చెప్పను, వెతుక్కునేవాళ్లు వెతుక్కుంటారు.

నేను పట్టుకెళ్లినవి మా నాన్న మిలిటరీ ఫోటోలు. మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరానికి పెద్ద దూరం కాదు. ఆ ఊళ్లో ఇంటికొకరు సైన్యంలో ఉంటారని చెప్పుకుంటారు కదా, ఆ గాలి మా ఊరికీ తగిలింది. నాన్న 1968లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరారు, నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత పదహారు మద్రాస్ బెటాలియన్. 1971 డిసెంబరు యుద్ధంలో జమ్మూ కింద, సరిహద్దు అవతల పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర ఉన్నారు. ఈ మాత్రం కూడా ఆయన కూర్చోబెట్టి చెప్పింది కాదు, ముక్కలు ముక్కలుగా మేం ఏరుకున్నదే. ఏటా డిసెంబరు 16న టీవీలో ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు సంతకం పెడుతున్న ఫోటో వేసినప్పుడల్లా "అది తూర్పు సంగతి. మాకు పదిహేడు రాత్రి ఎనిమిదింటిదాకా నడిచింది" అని ఒక్క ముక్క అనేవారు, మళ్లీ మజ్జిగన్నంలో పడిపోయేవారు. బసంతర్ అనగానే అందరికీ ట్యాంకులూ, అరుణ్ ఖేతర్‌పాలూ గుర్తొస్తారు, జర్పాల్ దగ్గర గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్ గుర్తొస్తారు, ఇద్దరికీ పరమవీర చక్రలు, న్యాయమే. ఆ పక్కనే సరాజ్ చక్‌ని కాలినడకన వెళ్లి పట్టుకున్నది పదహారు మద్రాస్ అని మాత్రం మన పేపర్లలో నాకు పెద్దగా కనబడలేదు. వాళ్ల కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ వేద్ ప్రకాశ్ ఘాయ్ ఆ పోరాటంలోనే పోయారు, చనిపోయాక మహావీర్ చక్ర ఇచ్చారు. నాన్న ఆయన్ని పేరుతో ఎప్పుడూ అనలేదు, "సీవో సాబ్" అంతే.

నాన్న పోయినేడు పోయారు. పెట్టె తీస్తే బట్టల అడుగున ఎల్ఐసీ కవర్లో 17 ఫోటోలు. గోడ మీద పటం కట్టించింది ఇంకోటి, వెల్లింగ్టన్‌లో ఉన్నప్పుడు కూనూరు స్టూడియోలో తీయించుకున్నది, వెనక పరదా మీద చెరువు, పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పూలు, బుగ్గలకి చేత్తో అద్దిన గులాబీ రంగు. పెంకుటిల్లు కారినప్పుడు తడిసి అది అద్దానికి అతుక్కుపోయింది.

షాపుకి వచ్చే ముందు నేను చేసిన వెధవ పనులు రెండు చెప్పాలి, లేకపోతే ఈయన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానో అర్థం కాదు.

మొదటిది, హైదరాబాదులో ఒక మాల్‌లో ఉన్న ఫోటో ల్యాబుకి ఆరు ఫోటోలు ఇచ్చాను. గంటలో అయిపోయిందన్నారు, పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేశారు. మా ఫోటోలేమో రెండుంపావు అంగుళాల చదరాలు, ఆ రోజుల్లో అగ్ఫా క్లిక్ లాంటి డబ్బా కెమెరాలో నెగెటివ్ ఎంత వస్తే అంతే సైజులో కాగితం మీద వేసేసేవారు, చుట్టూ తెల్ల అంచు. అంత చిన్నదాన్ని 300లో స్కాన్ చేస్తే 675 పిక్సెళ్లు వస్తాయి, ఫోన్‌లో చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

రెండోది ఇంకా దారుణం. ఆ ఫైళ్లనే ఒక ఏఐ యాప్‌లో పెట్టాను, ఒక్క బటన్ నొక్కితే రంగులొస్తాయి, మొహాలు తేటగా అవుతాయి అని. వచ్చాయి. యూనిఫాం పోలీసు ఖాకీ అయింది. అమ్మ ఫోన్ చేతికి తీసుకుని "ఇదేంటే, మీ నాన్న కానిస్టేబుల్లా ఉన్నారు" అంది. తర్వాత కాస్త దగ్గరగా పెట్టుకుని చూసి, "అసలు ఈ కుర్రాడెవరు?" అంది. నాన్నకి పై వరసలో పన్ను మీద పన్ను ఉండేది, దాన్ని సరిచేసేసింది యాప్. ముక్కు కాస్త చెక్కింది. టోపీ మీద బ్యాడ్జిలో రెండు కత్తుల మధ్య ఏనుగు ఉంటుంది, 1803లో అస్సయే యుద్ధం నాటి గుర్తు అది, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకి ప్రాణం. ఆ ఏనుగు పువ్వయిపోయింది. ఎస్ఎల్ఆర్ తుపాకీ గొట్టం సగం దాకా వచ్చి చొక్కా చేతిలో కలిసిపోయింది.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవే. వదలలేనిది ఒకటుంది. నలుగురు కుర్రాళ్లు ఇసక బస్తాల ముందు కూర్చున్న ఫోటో. వెనక నాన్న చేతిరాత, ఇంకు పెన్నుతో, బాబాయికి రాసింది: "నవంబరు 71. ఎడమ నుంచి రెండోవాణ్ణి నేను. అమ్మకి చూపించేటప్పుడు మీసం సంగతి ముందే చెప్పు, లేకపోతే గుర్తుపట్టదు." ఊరి పేరు లేదు, రాయకూడదు కదా, వాళ్ల అడ్రసంతా ఎప్పుడూ 56 ఏపీవోనే (సైన్యం పోస్టాఫీసు). ఆ నలుగురిలో కుడి చివరి ఆయన మొహం మీద బూజు పట్టేసింది, తెల్లటి మచ్చ, దాని చుట్టూ సన్నటి పోగుల్లాంటి గీతలు. చెవి ఒకటి కనిపిస్తుంది, గడ్డం కింద టోపీ పట్టీ కనిపిస్తుంది, అంతే. ఆయన పాలక్కాడు వైపు మనిషని, తిరిగి రాలేదని నాన్న రెండు మూడుసార్లు అన్నారు. యాప్ ఆయనకి మొహం ఇచ్చింది. చక్కటి మొహం, సబ్బు యాడ్‌లో కుర్రాడిలా. నేను దాన్ని చూసి ఏడ్చాను కూడా, సిగ్గు లేకుండా చెప్తున్నా. "నాన్న స్నేహితుడు, యుద్ధంలో పోయారు" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా చిన్నాన్న కొడుకు స్టేటస్ పెట్టుకున్నాడు. అర్ధరోజు తర్వాత గానీ నాకు వెలగలేదు, ఆ మొహం ఎవరిదీ కాదని, పాలక్కాడు దగ్గర ఏదో ఇంట్లో గోడ మీద ఆయన అసలు మొహం ఉండి ఉంటుందని.

అప్పుడు మా పెద్దమ్మ కోడలు చెప్పింది ఈ రాజమండ్రి షాపు సంగతి.

మాస్టారికి (అందరూ అలాగే పిలుస్తున్నారు, నేనూ పిలిచాను) డెబ్బై దాటి ఉంటాయి. కంప్యూటర్ పని కొడుకు చేస్తాడు, చూసేదీ ఒప్పుకునేదీ తిప్పి పంపేదీ ఈయన. కవర్ ఇస్తే ముందు ఫోటోలన్నీ బోర్లా పరిచారు. ముందువైపు చూడనే లేదు. వెనక రాతలు, స్టూడియో స్టాంపులు, ఇంకు రంగు, ఒక్కొక్కటీ చదివారు. "ముందు బొమ్మ పోయినా పర్లేదమ్మా, వెనకది పోతే ఎవరో ఎవరికీ తెలీదు" అని, వెనకవైపు కూడా స్కాన్ చేయించుకోమన్నారు. దానికి ఫోటోకి 30 రూపాయలు అదనం. కళ్లు మూసుకుని ఇచ్చేయండి, మాల్‌లో ఆ ఊసే ఎత్తలేదు.

ఆ తర్వాత అరచేతిలో పెట్టుకుని ఒక్కోదాన్నీ కిటికీ వెలుతురులో వాలుగా తిప్పి చూపించారు. నల్లగా ఉన్నచోట పాదరసంలా మెరుస్తోంది చూడండి, అది మురికి కాదు, కాగితంలోని వెండే పైకి తేలింది, గుడ్డతో తుడిచారో పోతుంది. పసుపు మరకలేమో హైపో (ఫోటో కడిగేటప్పుడు వాడే మందు) సరిగ్గా కడక్కపోవడం వల్ల, "ఫీల్డులో కడిగుంటారు, నీళ్లెక్కడివి పాపం" అన్నారు. అద్దానికి అతుక్కున్న పటాన్ని నేను ఇంట్లో చాకుతో కొంచెం లేపి చూశానని చెప్పగానే మొహం మాడ్చుకున్నారు. లేపకూడదట, పైన జెలటిన్ పొర అద్దంతో వచ్చేస్తుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టి తీశారు. నేను చాకు పెట్టిన మూల కనుబొమ్మంత ముక్క ఇప్పటికే పోయింది. అది నా ఖాతా.

స్కానింగు 1200 డీపీఐలో చేశారు. అంటే అదే రెండుంపావు అంగుళాల ఫోటో 2700 పిక్సెళ్లు వచ్చింది, 9 అంగుళాల ప్రింటు హాయిగా వస్తుంది. అంత పెద్దగా చేస్తే ఇన్నేళ్లూ మాకెవరికీ కనపడనివి కనపడ్డాయి. ఒక ఫోటోలో చెరుకు తోట పక్కన మట్టిగోడ, గోడ మీద ఉర్దూ అక్షరాలు. అంటే ఇది కాల్పులు ఆగాక, మనవాళ్లు శకర్‌గఢ్ వైపు ఉన్న ఆ ఏడాదిలో తీసింది, 1972 చివర్లో గానీ ఆ నేల ఖాళీ చేసి రాలేదు కదా. ఇంకోదాంట్లో నాన్న చేతి మణికట్టుకి ఎర్రదో నల్లదో దారం. తిరుపతి దారం అంటుంది అమ్మ, నాకు నమ్మకం లేదు. ఆ ఫోటోకి వాళ్లిద్దరి పెళ్లి ఇంకా మూడేళ్ల మాట, నీకెలా తెలుసే అంటే, "నాకు తెలుసు" అంది.

రంగులు వేయడానికి మాస్టారు ఒప్పుకోలేదు. అమ్మ మాత్రం ఒక్కటైనా రంగుల్లో కావాలంది. ఇద్దరికీ కాసేపు వాదన. చివరికి ఆయన, "సరేనండి, అయితే బట్ట తెచ్చివ్వండి" అన్నారు. నాన్న పాత అంగోలా చొక్కా (సైన్యంలో ఇచ్చే ఉన్ని కలిసిన చొక్కా) పెట్టెలో ఉంది, చిమ్మటలు తిన్నా రంగు ఉంది. సైన్యంలో ఓజీ (ఆలివ్ గ్రీన్) అంటారు ఆ ఆకుపచ్చని. మరుసటి వారం పట్టుకెళ్తే, కాలరు మడత లోపల ఎండ తగలని చోటు చూసి ఆ రంగు తీసుకున్నారు. అమ్మ ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని ఏమీ అనలేదు, నన్ను అడక్కుండా సంచిలో పెట్టేసుకుంది, అదే రివ్యూ అనుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నలుపు తెలుపుదే నచ్చింది.

ఇంక నలుగురి ఫోటో. గీతలు తీశారు, మడత పడిన చోట కలిపారు, ఏనుగు మళ్లీ ఏనుగైంది, నాన్న పన్ను నాన్నకొచ్చేసింది. నాలుగో ఆయన మొహం దగ్గర ఆగిపోయారు. "ఈయనది ఇంకో ఫోటో ఏదన్నా ఉందా?" లేదన్నాను. "అయితే నేనేం చెయ్యనండి. ఉన్నంతవరకే శుభ్రం చేస్తాను, లేనిది గీయను." కొడుకు పక్కనుంచి, కావాలంటే లైటుగా ఏదో ఒకటి కలిపేద్దాం నాన్నా, తెల్లగా ఎబ్బెట్టుగా ఉంది అన్నాడు. మాస్టారు అతని వంక తిరగలేదు, నన్నే చూస్తూ "మీ నాన్నగారైతే గీయమనేవారా?" అన్నారు. నేను ఆ యాప్ సంగతి చెప్పలేదు ఆయనకి. చెప్పలేకపోయాను. చుట్టూ బూజు పోగులు తీసేసి, ఆ తెలుపుని కొంచెం బూడిదరంగులోకి దించి, చెవి, పట్టీ స్పష్టంగా ఉంచి వదిలేశారు. ఇంటికొచ్చాక గ్రూపులో పాతది తీసేసి ఇది పెట్టాను. మా తమ్ముడు స్టేటస్ మార్చాడో లేదో అడగలేదు.

ఇప్పుడు తిట్లు. వారం అన్నారు, 26 రోజులు పట్టింది. ఫోన్ ఎత్తరు, ఎత్తితే "ఆయ్, అయిపోతందండి" అంటారు, అది మూడుసార్లు విన్నాను. ఒక ప్రింటు మరీ నల్లగా వచ్చింది, అడిగితే డబ్బులు తీసుకోకుండానే మళ్లీ వేసిచ్చారు కానీ దానికోసం ఇంకోసారి గోదావరి బ్రిడ్జి దాటాను. అన్నిటికన్నా కోపం వచ్చింది, వెనక రాతల గురించి అంత చెప్పిన మనిషి షాపులోనే, పనిచేసే పిల్లాడు రెండు ఫోటోల వెనక బాల్ పెన్నుతో ఆర్డర్ నంబరు రాసేశాడు, అదీ గట్టిగా నొక్కి. ముందువైపు అచ్చు పడింది. నేను గొడవపడితే మాస్టారు పిల్లాణ్ణి కేకలేసి, మిగతావాటికి పెన్సిల్ చీటీలు కవర్ల మీద అంటించారు. మీరు వెళ్తే ముందే చెప్పండి, లేదా ఒక్కో ఫోటోనీ విడి కవర్లో పెట్టి ఆ కవరు మీద మీరే రాసి తీసుకెళ్లండి.

బిల్లు: స్కానింగు ఫోటోకి 60 చొప్పున 1020, వెనకవైపులకి 510, ఆరు ఫోటోలు బాగుచేసినందుకు 700 చొప్పున 4200, అద్దం పటానికి 1500, ప్రింట్లు ఆరు 720. మొత్తం 7950. యూపీఐ ఉంది, కార్డు లేదు. తక్కువేం కాదు, కానీ అద్దం పటం ఒక్కదానికే మాల్‌వాళ్లు చేతులెత్తేశారు. ఫైళ్లు టిఫ్‌లో (నాణ్యత తగ్గని రకం) అడగండి, అడక్కపోతే జేపెగ్ ఇచ్చి ఊరుకుంటారు. ఆదివారం మూసేస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా కూడా, అది బోర్డు మీద ఉండదు.

డబ్బులిచ్చేటప్పుడు కబుర్లలో ఆయన ఊటీ మాట తెచ్చారు. కుర్రతనంలో ఈయన వాడిందంతా ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌లో చేసిన 'ఇందు' బ్రాండు సరుకేనట, ఫ్యాక్టరీ చూడాలని ఉండేదట, చూడలేదు, ఇప్పుడది మూతపడిపోయింది. మా నాన్న ట్రైనింగు అయింది ఆ కొండల్లోనే అంటే, "చలికి చేతులు పగిలుంటాయి" అన్నారు. పగిలేవని నాన్న కూడా అనేవారు.

నాలుగు స్టార్లు. ఒకటి బాల్ పెన్నుకి కోశాను.

మొన్న అమ్మకి పెట్టె అడుగున వేసిన న్యూస్ పేపరు కింద ఇంకో మూడు ఫోటోలు దొరికాయి, ఒకదాంట్లో పాలక్కాడు ఆయన ఉన్నారేమోనని చూస్తే ముగ్గురూ వెనక్కి తిరిగి ఉన్నారు. అవి ఆయనకే ఇచ్చొచ్చాం. శుక్రవారం ఇస్తానన్నారు. ఏ శుక్రవారమో చెప్పలేదు.