మినియాపొలిస్ చలి మంచిదే, మేము దిగిన గదే చెడ్డది

చలి ఊళ్లకు సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఏడాదికోసారి ఆడించే ఫైనల్) ఇవ్వకూడదని మా ఇంటికొచ్చి ఎవరైనా ఇంకోసారి అంటే, వాళ్లకు కాఫీ ఇవ్వను. 2018 ఫిబ్రవరి 4న బయట మైనస్ 17 డిగ్రీలున్న రోజున, ఆ ఆట జరిగిన మినియాపొలిస్‌లోనే ఉండి వచ్చాను. చలి నన్నేమీ చేయలేదు. నన్ను ఏడిపించింది 1,612 డాలర్లు గుంజుకున్న ఒక నేలమాళిగ గది.

మేము ఫిలడెల్ఫియా దగ్గర ఎక్స్‌టన్‌లో ఉంటాం. మా ఆయనకు ఈగిల్స్ జట్టంటే ప్రాణం. జనవరి 21న ఈగిల్స్ 38-7తో మిన్నెసోటా వైకింగ్స్‌ను చిత్తు చేసి ఫైనల్‌కు చేరారు. ఆ ఫైనల్ జరిగేది ఓడిపోయిన వైకింగ్స్ సొంత ఊళ్లో, సొంత స్టేడియంలో. ఆ ఒక్క ఆట వాళ్లు గెలిచి ఉంటే, సొంత మైదానంలో సూపర్ బౌల్ ఆడిన మొదటి జట్టు అయ్యేవారు. పాపం. ఆట టికెట్టు మాకు కనిపించినంతలో చవకైనదే 3,400 డాలర్లు. "లోపలికి వెళ్లకపోతే ఏం, ఆ ఊళ్లో ఉంటే చాలు" అన్నారు మా ఆయన. దర్శనం టికెట్టు లేకుండా కొండెక్కి, గోపురానికి దండం పెట్టుకుని దిగి రావడం లాంటిదన్నమాట. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మా మరిది కూడా బయలుదేరాడు. ఫిలడెల్ఫియా నుంచి నేరుగా వెళ్లే విమానాల ధరలు చూస్తే కళ్లు తిరిగాయి. న్యూవార్క్ నుంచి షికాగో మీదుగా మనిషికి 438 డాలర్లయింది. ప్రయాణం బాగానే జరిగింది.

ఇక గది సంగతి. ప్రకటనలో "వెచ్చని, ప్రశాంతమైన స్టూడియో, డౌన్‌టౌన్‌కు పది నిమిషాలు" అని ఉంది. పది నిమిషాలన్నది నిజం. రాత్రికి 310 డాలర్లు, కనీసం నాలుగు రాత్రులు తీసుకోవాలని షరతు, శుభ్రం చేసినందుకు 175, సేవా రుసుము, పన్నులు కలిపి 197. ఇంత పోసి ఇంటి వెనక మెట్లు దిగి చూస్తే, మా ఎక్స్‌టన్ ఇంట్లో బట్టలు ఉతికే గదికన్నా కాస్త పెద్దది. కిటికీ సరిగ్గా నేలమట్టానికి ఉంది. బయట మంచు సగం అద్దం దాకా పేరుకుంది. అది సహజమే. కానీ అద్దానికి లోపలి వైపు కూడా మంచు కట్టింది. గోటితో గీస్తే పొరలుగా రాలింది.

ఇంటికి ఫర్నేసు ఉంది, దాని వేడి మాత్రం పై అంతస్తుకే వెళుతుంది. మాకు ఒక చిన్న కరెంటు హీటరు పెట్టి, గోడకు కాగితం అంటించారు: "హీటరు, మైక్రోవేవ్ ఒకేసారి వేయవద్దు." మొదటి రాత్రి మా మరిది పాలు వేడి చేసుకున్నాడు. ఠప్పున కరెంటు పోయింది. బ్రేకర్ పెట్టె తాళం వేసిన తలుపు అవతల ఉంది. ఇంటాయన ఇల్లు మాకిచ్చి అరిజోనా ఎండలోకి వెళ్లిపోయాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. సందేశం పెడితే గంట తర్వాత "అదనపు దుప్పట్లు అలమారలో ఉన్నాయి" అని జవాబిచ్చాడు. ఉన్నది ఒకే దుప్పటి, అదీ కలరా ఉండల వాసన. తెల్లవారుజామున ఆయన అన్నగారెవరో వచ్చి తాళం తీసే దాకా ముగ్గురం కోట్లు, బూట్లు వేసుకుని మంచం మీద కూర్చున్నాం. "వదినా, టీ తాగుదామా?" అని మరిది అడిగితే నేను చూసిన చూపు అతనికి ఇంకా గుర్తుందట.

అసలు మంట ఇది కాదు. శుక్రవారం ఊరికే ఫోనులో వెతికితే, రెండు వీధుల అవతల వంటగదితో సహా పెద్ద ఇల్లు 140 డాలర్లకు ఖాళీగా ఉంది. ఊళ్లో ప్రతివాళ్లూ ఇల్లు అద్దెకు పెట్టేశారు, అంతమంది జనం రాలేదు. మా గదే ఆ తర్వాతి వారానికి 68 డాలర్లని చూపించింది. అందుకే చెబుతున్నాను: జట్టు ఫైనల్‌కు చేరిన రాత్రే ఆవేశంలో గది తీసుకోకండి. చలి ఊరైతే థర్మోస్టాట్ మీ చేతిలో ఉంటుందా, ఫర్నేసు గాలి ఆ గదిలోకి వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. నేలమాళిగ అయితే ఇక అడగనే వద్దు, వదిలేయండి.

ఊరిని మాత్రం ఒక్క మాట అననివ్వను. డౌన్‌టౌన్‌లో భవనం నుంచి భవనానికి రెండో అంతస్తులో అద్దాల వంతెనలు వేశారు, వాటిని స్కైవే అంటారు. 1962లో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే, ఇప్పుడు 80 బ్లాకుల దాకా, దాదాపు 15 కిలోమీటర్లు సాగింది. కోటు చేతిమీద వేసుకుని, స్వెటర్‌తో బ్యాంకులోంచి దుకాణంలోకి, దుకాణంలోంచి హోటల్లోకి నడిచిపోవచ్చు. కింద వీధిలో జనం ఆవిర్లు కక్కుతూ వెళుతుంటారు. ఒక్క లోపం, బోర్డులు చూసుకుంటూ వెళ్లినా దారి తప్పుతుంది. సాయంత్రం ఒక్కో భవనం ఒక్కో వేళకు తలుపులు మూస్తుంది. కానీ ఆ వారం దారి చెప్పడానికి పదివేల మంది వాలంటీర్లను పెట్టారు. ఒక పెద్దావిడ మాకు దారి చెప్పడమే కాదు, తన పని వదిలి మూడు వంతెనలు వెంట నడిచింది.

ఆ స్కైవేలోనే నాకు ఈ ప్రయాణంలో దొరికిన గొప్ప భోజనం, 7 డాలర్ల 50 సెంట్ల సూప్. అక్కడ వైల్డ్ రైస్ అని ఒకటి ఉంది. పేరుకు బియ్యమే గానీ, మన వరి కాదు. సరస్సుల్లో పెరిగే ఒక రకం గడ్డి గింజ. ఒజిబ్వే అనే అక్కడి ఆదివాసులు తరతరాలుగా పడవల్లో వెళ్లి, కర్రలతో కంకులు వంచి, గింజలు పడవలోకే రాల్చుకుంటారు. మామూలుగా ఆ సూప్‌లో కోడిమాంసం వేస్తారు. శనివారం నేను ముట్టను. కౌంటర్ దగ్గరి కుర్రాడితో చెబితే విసుక్కోకుండా లోపలికి వెళ్లి, కూరగాయల నీళ్లతో చేసిన రెండో గిన్నె ఉందని చెప్పి అందులోంచి పోసి ఇచ్చాడు. నల్లటి పొడుగు గింజలు ఉడికి మధ్యకు చీలి, లోపలి తెలుపు బయటపడి ఉన్నాయి. పుట్టగొడుగులు, క్యారెట్, చిక్కటి మీగడ. గింజ పంటికింద కాస్త గట్టిగా తగిలి, వేయించినట్లు వాసన వేస్తుంది. మిరియాలు ఇంకో చెంచా పడాల్సిందన్నది వేరే మాట. మా ఆయన చిప్స్ తింటూ నా గిన్నెవైపు చూశారు. నేను గమనించనట్లే ఉండిపోయాను.

నికొలెట్ మాల్ వీధిలో పెట్టిన ఉత్సవం ఉచితం. పాటలు, మంచు బొమ్మలు, మధ్యమధ్య చలిమంటలు. చంటిపిల్లల్ని సైతం మూటలు కట్టి తెచ్చారు. మిసిసిపీ నది మీద తాడుకు వేలాడుతూ దాటే జిప్ లైన్‌కు టికెట్లు ముందే అయిపోయాయి. మా మరిది అలిగాడు, నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. పక్క ఊరు సెయింట్ పాల్‌లో మంచుదిమ్మెలతో కట్టిన 70 అడుగుల కోట రాత్రి దీపాల్లో బాగుంది.

ఆ కోట ముందు నిలబడే మాలో మాకు వాదన వచ్చింది. ఇలాంటి ఊళ్లో ఇంత పెద్ద ఆట ఏమిటన్నారు మా ఆయన, ముక్కు తుడుచుకుంటూ. మరిది ఎగిరిపడ్డాడు. 2014లో న్యూజెర్సీలో జరిగిన సూపర్ బౌల్‌కు అతను టికెట్టు కొని వెళ్లాడు. పైకప్పు లేని స్టేడియమైతే ఊరి సగటు ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్‌కు తగ్గకూడదని లీగ్‌కు ఒక నియమం ఉండేది. దాన్ని పక్కనపెట్టి మరీ అక్కడ ఆడించారు. అందరూ మంచు తుఫాను గురించే భయపడ్డారు. ఆట మొదలయ్యే వేళకు 49 డిగ్రీలు, అంటే మన లెక్కలో తొమ్మిది పైమాటే, హాయిగా ఉంది. దెబ్బ కొట్టింది రైలు. కార్లు నిలిపే చోటు తగ్గించేశారు, నడిచి రావద్దన్నారు. రైలెక్కేవాళ్లు పదిహేను వేలకు మించరని లెక్కవేస్తే, ఇరవై ఎనిమిది వేల దాకా వచ్చారు. రైలు మారే సికాకస్ స్టేషన్‌లో చలికోట్లు వేసుకున్న జనం ఉక్కకు సొమ్మసిల్లారు! మరిది అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాడు. తెల్లవారి మంచు కురిసింది. ఒక్క రోజు ముందు కురిసి ఉంటే ఏమయ్యేదో.

వెచ్చని ఊళ్ల భాగోతం కూడా నాకు తెలుసు. 2011లో డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో ఆట. ఆ వారం మంచు పడి రోడ్లు గాజులా గడ్డకట్టాయి. స్టేడియం కప్పు మీదినుంచి మంచుపెళ్లలు జారిపడి పనివాళ్లు గాయపడ్డారు. ఆ దగ్గర్లోనే ఇర్వింగ్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు పాలప్యాకెట్‌కు కూడా బయటికి వెళ్లలేకపోయింది. మంచు తోసే బళ్లు చాలినన్ని లేని ఊళ్లో రెండంగుళాలు పడినా ప్రళయమే. మినియాపొలిస్‌లో శనివారం మంచు కురిస్తే, ఆదివారం మేము లేచేసరికి పెద్ద రోడ్లన్నీ నల్లగా శుభ్రంగా ఉన్నాయి.

మా అద్దె కారు మాత్రం ఆదివారం పొద్దున కదలలేదు. రోజుకు 96 డాలర్ల కారు, బ్యాటరీ చచ్చింది. పక్కింటి ముసలాయన టోపీ కూడా పెట్టుకోకుండా కేబుళ్లు పట్టుకుని వచ్చి, తన ట్రక్కు బ్యాటరీతో కలిపి మూడు నిమిషాల్లో నడిపించి ఇచ్చాడు. మా ఆయన ఒంటిమీది ఈగిల్స్ జెర్సీ చూసి, "నిన్ను చూశాక వచ్చి ఉంటే ఈ కేబుళ్లు తెచ్చేవాడిని కాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, పూర్తిగా నవ్వు కాదు.

నాకు కోపం వచ్చిన ఇంకో సంగతి రైలే. ఆట రోజున లైట్ రైలును ఆట టికెట్టు ఉన్నవాళ్లకే కేటాయించారు, అందుకు 30 డాలర్ల పాసు. ఊరివాళ్లకు బదులు బస్సులు వేశారు, ఉచితమే. అయినా మైనస్ 17లో ఆసుపత్రి డ్యూటీకి వెళ్లే మనిషి బస్టాపులో నిలబడాలి, మూడు వేల డాలర్ల టికెట్టున్నవాళ్లు రైల్లో వెచ్చగా వెళ్లాలి. ఆ స్టేడియం కట్టడానికి రాష్ట్రం, నగరం కలిసి పెట్టిన ప్రజాధనం 49.8 కోట్ల డాలర్లు. ఆట ఇవ్వడానికి లీగ్ ఇచ్చిన కోరికల చిట్టా 153 పేజీలు. ఉచితంగా 35,000 పార్కింగ్ స్థలాలు, పెద్ద హోటళ్లలో ఉచిత సూట్లు, అన్నీ అందులో ఉన్నాయని 2014లో అక్కడి పత్రిక బయటపెట్టింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా ఇన్ని అడగరు. ఊరు చల్లనిదా వెచ్చనిదా అని కొట్టుకునే బదులు, ఈ చిట్టా గురించి కొట్టుకుంటే బాగుండును.

ఆట చూసింది మినియాపొలిస్ శివార్లలోని ఈడెన్ ప్రైరీలో మా పిన్ని కూతురి ఇంట్లో. ఇంట్లో చంటిబిడ్డ ఉండబట్టి అక్కడ దిగలేదు గానీ, లేకపోతే ఈ 1,612 మిగిలేవి. వాళ్లాయన వైకింగ్స్ వీరాభిమాని. ఊదారంగు స్వెటర్ వేసుకుని, తోడల్లుడి ఈగిల్స్ జెర్సీకి దూరంగా సోఫా చివర కూర్చున్నాడు. పులిహోర, మిరపకాయ బజ్జీలు, కోడివేపుడు. స్టేడియంలో కప్పు కింద 21 డిగ్రీలట, మా ఇంటికన్నా వెచ్చన. విరామానికి ముందు, మామూలుగా బంతి విసిరే ఈగిల్స్ ఆటగాడు నిక్ ఫోల్స్ తానే పరుగెత్తి బంతి పట్టుకుని టచ్‌డౌన్ చేసినప్పుడు మా ఆయన అరిచిన అరుపుకు బిడ్డ లేచింది. ఇంటాయన నోరు మెదపకుండా ఇంకో బజ్జీ తీసుకున్నాడు. 41-33తో ఈగిల్స్ గెలిచారు, వాళ్లకు ఇదే మొదటి సూపర్ బౌల్ గెలుపు. మా ఆయన కళ్లు తుడుచుకుంటుంటే, తోడల్లుడు లేచి చేయి కలిపి, "అన్నయ్యా, కారు గడ్డకట్టక ముందే బయలుదేరండి" అన్నాడు.

ఇంటికి చేరాక గది యజమాని నుంచి సందేశం: బూట్ల ఉప్పుమరకలు తివాచీకి అంటుకున్నాయట, ఇంకో 40 డాలర్లు పంపాలట. "పోనీ, గెలిచాం కదా, ఇచ్చేద్దాం" అన్నారు మా ఆయన. గెలిచిన ఆనందంలో ఆయన ఇల్లు కూడా రాసిచ్చేలా ఉన్నారు. కిటికీ లోపలి మంచు ఫోటో, గోడమీది కాగితం ఫోటో, 68 డాలర్ల ధర కనిపించిన తెర ఫోటో కలిపి బుకింగ్ సంస్థకు నేనే పంపాను. 40 కొట్టేశారు. శుభ్రం చేసే రుసుములో సగం, 87 డాలర్ల 50 సెంట్లు, వెనక్కి ఇచ్చారు. మిగతాదానికి ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఆ తర్వాతి ఏడాది, 2019లో, ఆట అట్లాంటాలో. వెచ్చని ఊరే కదా అని మా ఆయన సంబరపడ్డారు. 2000లో అక్కడే ఆట జరిగిన వారంలో మంచువాన కురిసి ఊరంతా జారిపోయిందని మరిది గుర్తుచేశాడు. వెళ్లేదీ లేనిదీ ఈగిల్స్ ఆట చూసి తేల్చుకుంటానన్నారు మా ఆయన. వెళితే ఫర్నేసున్న గదే తీసుకోవాలని అప్పుడే చెప్పి ఉంచాను.