విశాఖలో విటమిన్ డి ప్యాకేజీ కొంటున్న కీళ్లవాతం రోగులకు హెచ్చరిక

ఎం.వి.పి. కాలనీ, మద్దిలపాలెం వైపు ఉన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ‘ఆటోఇమ్యూన్ జబ్బులన్నిటికీ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బులు) మూలం విటమిన్ డి లోపమే, అది తీరితే జబ్బు పోతుంది’ అంటూ అక్కడ ఒక దుకాణంలో నెలల తరబడి వాడే ప్యాకేజీ అమ్ముతున్నారు. ఆ కోవకే చెందిన కీళ్లవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న మా అక్క అది వాడి ఆసుపత్రి పాలైంది.

వాళ్లు రోజుకొకటి మింగమన్న క్యాప్సూల్‌లో 60,000 యూనిట్లున్నాయి. లోపం తేలినవారికి డాక్టర్లు మామూలుగా అదే మోతాదును వారానికొకటి చొప్పున, అదీ కొన్ని వారాలే రాస్తారు. పైగా ఈ కీళ్లవాతాన్ని అదుపులో ఉంచే మందు మెథోట్రెక్సేట్‌ను ఆ దుకాణంవాళ్లు మానేయమన్నారు. నన్ను అన్నిటికంటే మండించింది ఇదే. అది మానాక అక్క వేళ్లు వాచి జడ వేసుకోలేకపోయింది. ఆ వెనకే వాంతులు, తీరని దాహం, మలబద్ధకం. పరీక్ష చేస్తే రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయి ఉంది. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉంటుంది కాబట్టి, ఆపిన వెంటనే దిగదట.

వాళ్లు చూపించే పరిశోధన నిజమైనదే, అందుకే జనం నమ్ముతున్నారు. అమెరికాలో 25,871 మందితో జరిగిన ‘వైటల్’ అధ్యయనం అది. ఫలితాలు 2022లో వచ్చాయి. విటమిన్ డి తీసుకున్నవారిలో కొత్తగా ఆటోఇమ్యూన్ జబ్బులు రావడం సుమారు 22 శాతం తగ్గింది. కానీ అక్కడ ఇచ్చింది రోజుకు 2,000 యూనిట్లు. వీళ్లిచ్చేది దానికి 30 రెట్లు! అది జబ్బు రాకుండా ఆపగలదా అని చూసిన అధ్యయనమే తప్ప, వచ్చిన జబ్బును నయం చేస్తుందని చెప్పలేదు. ఈ జబ్బులున్నవారిలో విటమిన్ డి తక్కువగా కనిపించడమూ నిజమే. అంతమాత్రాన లోపమే కారణమని తేలినట్లు కాదు. జబ్బుతో ఇంటిపట్టునే ఉండి ఎండ తగలకపోయినా విటమిన్ డి తగ్గుతుంది.

సీసా మీద బ్యాచ్ నంబరు లేదు. బిల్లులో ‘ఆరోగ్య ఉత్పత్తి’ అని తప్ప మందు పేరు లేదు. డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే, వాడినవి వెనక్కి తీసుకునేది లేదన్నారు. మీ దగ్గర బిల్లు ఉంటే పారేయకండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఇప్పటికే వాడుతున్నవారు క్యాప్సూళ్లు ఆపి, ఆ సీసాతో సహా మీ కీళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లండి. విటమిన్ డి, కాల్షియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు అవసరమా అని అడగండి. వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మతి తికమక కనిపిస్తే రేపటిదాకా ఆగవద్దు. మెథోట్రెక్సేట్ మానేసి ఉంటే ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి.