బంతిని అప్పగించడమా, అంటిపెట్టుకోవడమా: డిఫెన్స్‌కు ఏది మేలు?

2004 అక్టోబరు 23న అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో, పెన్ స్టేట్ మైదానంలో అయోవా విశ్వవిద్యాలయ జట్టు 6-2 ఆధిక్యంలో ఉంది. నాలుగో క్వార్టర్‌లో ఇంకా ఎనిమిది నిమిషాలకు పైగా మిగిలి ఉండగా, బంతి అయోవా సొంత గోల్ గీత దగ్గర ఇరుక్కుపోయింది. అక్కడి నుంచి పంట్ కొడితే, అంటే బంతిని తన్ని ఎదుటి జట్టుకు అప్పగించబోతే, దాన్ని మధ్యలోనే అడ్డుకుని ఆరు పాయింట్ల టచ్‌డౌన్ చేసే ప్రమాదం ఉంది. కోచ్ కర్క్ ఫెరెంట్జ్ కావాలనే సేఫ్టీ ఇచ్చి, అంటే బంతిని సొంత గోల్ గీత వెనకే ఆపేసి, ప్రత్యర్థికి రెండు పాయింట్లు చేతులారా సమర్పించారు. స్కోరు 6-4 అయింది. ఇక మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ ఒక్కటి పడినా మ్యాచ్ చేజారుతుంది. అది పడదని ఆయన తన డిఫెన్స్‌ను, అంటే ఎదుటి జట్టును అడ్డుకునే బృందాన్ని, నమ్మారు, స్కోరు అక్కడే ఆగింది.

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ‘కన్సర్వేటివ్’ ఆట, అంటే ప్రమాదం కొనితెచ్చుకోని ఆట అనగానే అందరికీ గుర్తొచ్చేది అయోవాయే. కానీ ఆ మాట కింద రెండు వేర్వేరు పద్ధతులు కలిసిపోయి ఉన్నాయి. అయోవా కాపాడుకునేది నేలను, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టు ఆర్మీ కాపాడుకునేది కాలాన్ని. ఈ రెండింటినీ, వీటికి పూర్తిగా ఎదురుగా నిలిచే టెనెసీ విశ్వవిద్యాలయ జట్టు వేగాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే, డిఫెన్స్ విజయంలో ఎంత వాటా ఆటతీరుదో తెలుస్తుంది.

అయోవా 2023 సీజన్ ఈ పద్ధతికి పరాకాష్ఠ. సగటున మ్యాచ్‌కు 15.4 పాయింట్లు సాధించి, 14.8 ఇచ్చి, ఆ జట్టు 10 మ్యాచ్‌లు గెలిచింది. దాని అఫెన్స్ (బంతిని ముందుకు తీసుకెళ్లే బృందం) గజాల లెక్కలో దేశంలోనే అట్టడుగున ఉండగా, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పంటర్ టోరీ టేలర్ 93 పంట్లతో 4,479 గజాలు కొట్టి కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ సీజన్ రికార్డు నెలకొల్పాడు. ‘పంటింగ్ ఈజ్ విన్నింగ్’ అని అచ్చువేసిన చొక్కాలు వేసుకుని అభిమానులు స్టేడియానికి వచ్చేవారు. బయటివాళ్లకు ఇది నవ్వులాట కావచ్చు గానీ, దీని వెనుక గట్టి లెక్క ఉంది. నలభై అయిదు గజాలకు పైగా ఎగిరి వెళ్లిన పంట్, ప్రత్యర్థి పది గజాల గీత దగ్గర పడి ఆగితే, ఆ జట్టు తొంభై గజాలు నడవాలి. 2012 నుంచి డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా ఉన్న ఫిల్ పార్కర్ పద్ధతి కూడా సరిగ్గా దీనికి తగినట్టే ఉంటుంది. ఆయన ఆటగాళ్లు జోన్‌లో, అంటే ఎవరికిచ్చిన చోట వాళ్లు నిలబడి చిన్న పాస్‌లను రానిస్తారు, పెద్ద పాస్‌ను తమ నెత్తిమీదుగా పోనివ్వరు. తొంభై గజాలను ఆరేసి ఏడేసి గజాల ముక్కలుగా దాటాలంటే, ఇరవై ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) ఒక్క పొరపాటూ లేకుండా పదమూడు నుంచి పదిహేను సార్లు సరైన నిర్ణయం తీసుకోవాలి. ఎక్కడో ఒకచోట తప్పు జరుగుతుంది. 2021లో అయోవా దేశంలోకెల్లా ఎక్కువగా 25 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన పాస్‌లు) పట్టిందంటే, ఆ తప్పు కోసం కాచుకుని కూర్చునే పద్ధతి ఫలించినందువల్లనే. 2022లో సౌత్ డకోటా స్టేట్‌పై ఒక్క టచ్‌డౌన్ లేకుండా, ఒక ఫీల్డ్ గోల్‌తోనూ రెండు సేఫ్టీలతోనూ 7-3తో గెలవడం కూడా ఈ కోవలోదే.

ఈ పద్ధతిలో ఒక వైరుధ్యం ఉంది. పది గజాలు దాటడానికి అఫెన్స్‌కు నాలుగు ప్రయత్నాలు (డౌన్‌లు) ఉంటాయి. అది మూడింటిలో విఫలమై పంట్ కొట్టిన ప్రతిసారీ డిఫెన్స్ సరిగ్గా ఊపిరి తీసుకోకముందే మళ్లీ మైదానంలోకి దిగాలి. అయోవా ఆట డిఫెన్స్‌కు నేలను ఇస్తుంది, విశ్రాంతిని ఇవ్వదు.

ఆ విశ్రాంతి ఆర్మీ దగ్గర దొరుకుతుంది. సైనిక సేవకు కట్టుబడిన విద్యార్థులతో నడిచే ఆ జట్టుకు భారీకాయులు, మెరుపు వేగం గలవాళ్లు అరుదుగా దొరుకుతారు. అందుకే కోచ్ జెఫ్ మంకెన్ జట్టు ఆప్షన్ పద్ధతిలో, అంటే బంతిని తానే తీసుకెళ్లాలా, మరొకరికి ఇవ్వాలా అని క్వార్టర్‌బ్యాక్ ఆడుతూనే తేల్చుకునే పద్ధతిలో, మూడు, నాలుగు గజాల చొప్పున పరుగెత్తుతూ గడియారాన్ని కరిగిస్తుంది. 2018లో స్టార్ క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రీ ఉన్న ఓక్లహోమాపై, అదీ వాళ్ల సొంత మైదానంలో, ఆర్మీ 44 నిమిషాల 41 సెకన్ల పాటు బంతిని తన దగ్గరే ఉంచుకుని, చివరికి అదనపు సమయంలో 28-21తో ఓడింది. కబడ్డీలో ఆధిక్యంలో ఉన్న జట్టు డూ ఆర్ డై వచ్చేదాకా ఖాళీ రైడ్లతో కాలం గడిపేస్తుందే, అలాంటి ఓపిక ఇది. అయితే నాలుగో డౌన్‌లో ఒకటి రెండు గజాలు కావలసి వచ్చినప్పుడు అయోవా పంట్ వైపు మొగ్గితే, ఆర్మీ తెగించి ముందుకే వెళుతుంది. పైకి పిరికిగా కనిపించే ఈ ఆటకు ఆ తెగింపే ఊపిరి.

ఇక జాష్ హైపెల్ శిక్షణలోని టెనెసీ 2022లో సగటున 46.1 పాయింట్లతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అలబామాను 52-49తో ఓడించింది, అదే సీజన్‌లో సౌత్ కరోలినా చేతిలో 38-63తో చిత్తయింది. ఇలాంటి స్కోర్లు చూసి ఆ డిఫెన్స్ నాసిరకమని తీర్పు చెప్పడం తొందరపాటే. ప్రత్యర్థికి బంతి దక్కిన ఒక్కో అవకాశానికి సగటున రెండు పాయింట్లు ఇచ్చే డిఫెన్స్‌ను ఊహించుకోండి. ప్రత్యర్థికి పది అవకాశాలు దక్కే నెమ్మది మ్యాచ్‌లో అది 20 పాయింట్లు, పద్నాలుగు దక్కే వేగవంతమైన మ్యాచ్‌లో 28 పాయింట్లు ఇస్తుంది. నాణ్యత ఒకటే అయినా పత్రికల్లో మొదటిది గొప్పగానూ రెండోది చెత్తగానూ కనిపిస్తుంది. నెమ్మది జట్ల డిఫెన్స్‌ను మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లని కాకుండా, అవకాశానికి ఎన్ని పాయింట్లని కొలవాలి.

అయోవా పద్ధతి ఎక్కడ తెగుతుందో 2023 డిసెంబరు 2న ఇండియానాపొలిస్‌లో బయటపడింది. అయోవా ఆడే లీగ్ బిగ్ టెన్ ఫైనల్‌లో మిషిగన్ ఆటగాడు సెమాజ్ మోర్గన్ ఒక పంట్‌ను అందుకుని 87 గజాలు పరుగెత్తి, గోల్ గీతకు అయిదు గజాల దూరంలోకి తెచ్చాడు. ఏ ఆయుధాన్ని నమ్ముకున్నారో అదే ఎదురు తిరిగింది. మిషిగన్ అఫెన్స్‌ను పార్కర్ మనుషులు ఆ రోజు కూడా చాలావరకు కట్టడి చేశారు, అయినా ఫలితం 0-26. నెల తిరగగానే సీజన్ ముగింపు మ్యాచ్ సిట్రస్ బౌల్‌లో అదే టెనెసీ చేతిలో 0-35. ఒకసారి వెనకబడితే తిరిగి లేచే దారి ఈ ఆటలో లేదు.

నన్నడిగితే, కొత్తగా జట్టును కట్టుకునే చిన్న కళాశాలకు ఆర్మీ దారే మేలు. అయోవా దారి నడవాలంటే దశాబ్దానికి పైగా కదలకుండా ఉండే పార్కర్ లాంటి కోఆర్డినేటరూ, టేలర్ లాంటి పంటరూ కావాలి, ఆ జోడీ అడిగితే దొరికేది కాదు. అయోవా మాత్రం తన దారిని పూర్తిగా వదులుకోనక్కరలేదు, నాలుగో డౌన్‌లో ఒక గజం దూరంలో పంట్ కొట్టే అలవాటు మానుకుంటే చాలు. ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే లెక్క ఒకటుంది. కోచ్ కుమారుడు, అఫెన్స్ కోఆర్డినేటర్ బ్రయన్ ఫెరెంట్జ్‌కు 2023 ఒప్పందంలో పెట్టి, ఆయన అందుకోలేకపోయిన 25 పాయింట్ల సగటును, ఆయన స్థానంలో వచ్చిన టిమ్ లెస్టర్ 2024లో దాటించారు. అయోవా ఆటగాడు కేలెబ్ జాన్సన్ బంతితో 1,500 గజాలకు పైగా పరుగెత్తాడు. గెలుపులు మాత్రం పది నుంచి ఎనిమిదికి తగ్గాయి.